క్వారీ గుంటలో పుల్లారావు

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఒక పాత నాపరాయి క్వారీ ఉంది. రాత్రిపూట అక్కడ టైరు పేలినా లారీవాళ్ళు బండి ఆపరు — రిమ్ము మీదనే ఈడ్చుకుపోతారు. ఎప్పుడో ఇద్దరు కూలీలు అందులో గడ్డపారలతో పొడుచుకుని చచ్చారంట. తర్వాత క్వారీ మూతబడింది. గుంటలో నిలిచిన నీళ్ళు గొడ్లు కూడా తాగవంటారు.

నెహెమ్యాకి ఇదంతా తెలుసు. నరసరావుపేటవాడే. చర్చిలో బేస్ గిటారు నేర్చుకుని, హైదరాబాదు స్టూడియోల్లో ఎన్ని పాటలకి వాయించాడో లెక్కే లేదు. ఆ పని కంప్యూటర్లు లాక్కున్నాక పాటగాళ్ళ వెంట ఊరూరా ప్రోగ్రాములు. ఎక్కడికి పోయినా పక్కన డ్రమ్స్ మీద పుల్లారావే. జనం పాటగాణ్ణి చూస్తారు... వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ వాయిస్తారు. వయసులో ఉన్నప్పటి నుంచీ అంతే.

ఆ రాత్రి మాచర్లలో ప్రోగ్రాం ముగించుకుని వస్తుంటే వ్యాను వేడెక్కి ఆగిపోయింది — సరిగ్గా క్వారీ ముందే.

"రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవన్నా," అన్నాడు డ్రైవరు కొండలు.

పుల్లారావు వెనక సీట్లో నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకని నెహెమ్యా ఒక్కడే డబ్బా తీసుకుని దిగాడు. గిటారు వీపున తగిలించుకునే ఉన్నాడు. ఒకసారి రాజమండ్రిలో దొంగలు పాతది ఎత్తుకుపోయినకాడ్నుంచీ దాన్ని బండిలో వదిలేవాడు కాదు.

గుంటలోకి దిగేకొద్దీ గాలి ఆడటం మానేసింది. డబ్బా ముంచాడు... వెనక రాళ్ళు జారిన చప్పుడు. ఉలిక్కిపడి తిరగబోతే చేతిలో ఫోను నీళ్ళలో పడి లైటు ఆరిపోయింది.

కటిక చీకటి. ఎవరిదో ఊపిరి — దగ్గరగా... ఇంకా దగ్గరగా...

చల్లటి చెయ్యి మెడ మీద పడింది.

"ఒరే..." అంది బొంగురు గొంతు.

నెహెమ్యా గిటారు సంచి లాగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పి కొట్టాడు. ఎముక పగిలిన చప్పుడు. సంచిలో తీగలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఏదో కూలబడింది. అతను వెనక్కి చూడకుండా పడుతూ లేస్తూ రోడ్డెక్కాడు.

"ఏందన్నా, ఒక్కడివే వచ్చావ్?" అన్నాడు కొండలు. "పుల్లారావన్న నీ కోసమే దిగాడుగా..."

నెహెమ్యా మళ్ళీ గుంట వైపు తిరిగాడు. కొండలు టార్చి పట్టుకుని ముందు నడిచాడు.

పుల్లారావు నీళ్ళ అంచున పడి ఉన్నాడు. తల పగిలి మొహమంతా నెత్తురు. చేతులు రెండూ బండ మీద పరిచి ఉన్నాయి... వేళ్ళు నుజ్జునుజ్జు. పక్కనే ఒక రాయి, నెత్తురోడుతూ.

నరసరావుపేట ఆసుపత్రిలో, బండల మీద పడ్డాడని చెప్పారు.

పుల్లారావుకి స్పృహ వచ్చాక నెహెమ్యా అతని కాళ్ళ మీద పడ్డాడు. "దెయ్యమనుకుని నేనే కొట్టాన్రా... ఎన్ని దెబ్బలు కొట్టానో కూడా గుర్తులేదు. నీ చేతులు నేనే —"

"కాదురా." పుల్లారావు గొంతు గాలిలా వచ్చింది. "నువ్వు కొట్టింది ఒక్కటే. నువ్వు పోయినాక... అది నా రొమ్ము మీద కూర్చుంది."

"ఏంది... ఏంది కూర్చుంది?"

"నిన్ను పిలవమంది. పేరు పెట్టి."

"మరి... పిలిచావా?"

పుల్లారావు కట్లు కట్టిన చేతుల వంక చూసుకున్నాడు.

"ఒక్కో వేలికీ ఒకసారి అడిగిందిరా."