తమ్ముడికి అందించని మాట

పొద్దున్నే ఉప్మా పళ్లెం ముందు రాకేష్ తల వంచుకుని కూర్చున్నాడు. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ మేనేజర్ పోస్టు చేజారిన దగ్గర్నుంచీ అతని తిండి ఇంతే. "ఇన్నేండ్ల నుంచి చేస్తున్నవ్, ఇంకా పని రాకపాయెనా?" అని గొణుక్కుంటూ తల్లి సత్తెమ్మ వంటింట్లోకి పోయింది. తనకే చేతకాలేదని అతనూ నమ్మేశాడు, పాపం.

పక్కనే అన్న చంద్రకాంత్ పేపరు చూస్తున్నాడు. ఆ ఫ్యాక్టరీలో పెద్ద మేనేజర్ ఆయనే, ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగిందీ ఆయనే. తమ్ముడొస్తున్నాడు, నేను కూర్చోను అని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. ఎంత నిక్కచ్చి మనిషో అని నలుగురూ మెచ్చుకోవాలి గదా మహానుభావుణ్ణి!

అంతలో ఆ పోస్టు దక్కిన అంజన్న మిఠాయి డబ్బాతో వచ్చాడు. కల్మషం లేని మనిషి, సంతోషం పట్టలేక అంతా చెప్పేశాడు. మందు తయారయ్యే రియాక్టర్ ట్యాంకు వేడెక్కిపోతుంటే ముందు ఏం చేస్తావని అడిగినప్పుడు తను తడబడ్డాడట. కూలింగ్ నీళ్ల సంగతి గుర్తు చేసి చంద్రకాంత్ సారే దారి చూపాడట. తడబడ్డ వాళ్లందరికీ అట్లాగే మాట అందించాడని తర్వాత మిగతావాళ్లూ చెప్పుకున్నారట. సార్ పుణ్యమేనని దండం పెట్టి వెళ్లాడు.

రాకేష్ పళ్లెం పక్కకు జరిపాడు. తను తడబడ్డప్పుడు అన్న ఏమీ అందించలేదు. ముఖమైనా చూడకుండా తర్వాతి ప్రశ్నకు పోయాడు.

"తమ్ముడని ఏం జెయ్యకుంటివి, మంచిదే. పరాయోళ్లకు ఇచ్చినంతయినా ఇయ్యకపోతివి గదా అన్నా."

చంద్రకాంత్ పేపరు పక్కన పెట్టాడు. "నలుగురు ఏమంటరో అని భయపడ్డ రా. ఆఫీసుల చెప్పి మళ్ల ఇంటర్వ్యూ పెట్టమంట. నేను కూసోను."

రాకేష్ వద్దన్నాడు. అంజన్న చేసిన తప్పేముంది, అందరికీ మిఠాయి పంచిన మనిషి నోటికాడిది ఎట్లా లాక్కుంటామన్నాడు. ఇకముందు ఇంటివాళ్లు వచ్చే ఇంటర్వ్యూలో అన్న కూర్చోకుంటే అదే చాలన్నాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు.

"నాకు పని రాదని అమ్మ అనుకుంటున్నది. గదొక్కటి నువ్వే చెప్పు."

చంద్రకాంత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో అంతమందిని అదిలించే మనిషి తల్లి ముందు తల దించుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"వానికి రాక కాదే అమ్మా. నేనే రానియ్యలే."

సత్తెమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది. "ఇన్ని దినాలు వాన్నే తిట్టుకుంట కూసున్న గదరా," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని రాకేష్ లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చంద్రకాంత్ కన్నీళ్లతో అతని చెయ్యి పట్టుకున్నాడు. రాకేష్ ఆ చెయ్యి విడిపించుకోలేదు. అన్న ముఖం వైపు మాత్రం చూడలేకపోయాడు.