రసజ్ఞ గారి చేతి కొలత

ఖాజాగూడ చెరువుకు ఇవతల, రెండో అంతస్తులో మా వర్క్‌షాపు. తోలు గ్లవ్స్ కుడతాం. హైదరాబాదులో గ్లవ్స్ ఎవరేసుకుంటారని నవ్వకండి. ఏడాదికి నాలుగుసార్లు యూరప్ వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ దొరలు చాలామందే ఉన్నారిక్కడ. నా కుడిచెయ్యే నా జీవనం. వేళ్ల సందుల్లో కంటికి కనపడని కుట్టు వేయడం మా సాల్మన్ మాస్టారి తర్వాత నాకే వచ్చు.

మాస్టారిది ఒకటే పట్టుదల. మనిషి ఎదురుగా కూర్చోవాలి, కాగితం మీద చెయ్యి పెట్టాలి, చుట్టూ పెన్సిలు మనమే తిప్పాలి. శ్యామ్ గారనే కస్టమరు మాత్రం తన భార్య రసజ్ఞ గారి చేతి చుట్టూ గీత గీసిన కాగితాన్ని కవర్లో పెట్టి పంపారు. ఆవిడకు తీరిక లేదట. మాస్టారు బాచుపల్లిలో కూతురింటికి వెళ్లిన వారం అది. నేను సరేననేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

గ్లవ్స్ ఇవ్వాల్సిన రోజు సాయంత్రం నాలుగింటికే మబ్బు కమ్మేసింది. కరెంటు పోయింది. బయట వాన, లోపల తోలు వాసన. కుడిచేతి గ్లవ్ అప్పుడే పూర్తయింది. కుట్టు ఎక్కడైనా గుచ్చుతుందేమోనని చెయ్యి దూర్చి చూశాను.

చల్లగా ఉంది... తోలు చల్లదనం కాదు.

నా వేళ్ల పక్కన, ఇంకెవరివో వేళ్లు.

లాగాను. రాలేదు.

"మాస్టారూ!" అని అరిచాను.

కూతురింటి నుంచి ముందురోజే తిరిగొచ్చిన ఆయన, పక్కగదిలోంచి ఫోను లైటు వేసుకుని వచ్చారు. నా చేతినీ, బల్ల మీది కాగితాన్నీ చూశారు.

"ఈ గీత నువ్వు గీసినవా బిడ్డా?"

"కాదండి... వాళ్లాయన పంపారు."

"బతికున్నోళ్ల చెయ్యి జరంతన్న కదుల్తది. గీత వణుకుతది," ఆయన గుసగుసగా అన్నారు. "గిది యాడా వణకలే..."

కత్తెర తీసుకుని మణికట్టు దగ్గర్నుంచి గ్లవ్‌ని కోయసాగారు. నాకు ఏడుపొచ్చింది. ఈ చెయ్యి పోతే నేనేం చేసి బతకాలి?

గ్లవ్ రెండు ముక్కలై కింద పడింది. ఐదు వేళ్లూ ఉన్నాయి. ఒక్క గాటైనా లేదు. మడిచాను, చాచాను. గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను.

అంతలో మెట్ల మీద అడుగులు. శ్యామ్ గారు. నిలువునా తడిసి ఉన్నారు. కింద పడ్డ గ్లవ్ వైపు చూడనైనా లేదు. తిన్నగా వచ్చి నా కుడిచెయ్యి అందుకున్నారు.

"ఎన్నాళ్లయిందే, రసా..."

నా మొహం చూడలేదు. నా చేతితోనే అన్నారు.

వెనక్కి లాక్కోవాలనుకున్నాను. ఒట్టు, గట్టిగానే అనుకున్నాను.

నా వేళ్లు మెల్లగా ముడుచుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాయి. బొటనవేలు ఆయన అరచేతిని నిమురుతోంది...