గేజీ మడుగులో రాళ్ళు పేర్చేవాడు

పొద్దు గూకాక గేజీ మడుగు దగ్గర ఎవరూ బండి ఆపరు. ఆపితే వినబడుతుంది... టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ... టక్. నీళ్ళలో ఎవరో రాయి మీద రాయి పెడుతున్నట్టు.

ఎవరో ఏమిటి, ఆ లోయలో అందరికీ తెలుసు. పోయిన చలికాలం వరదలో అక్కడ కొట్టుకుపోయిన కుర్రాడు. శవం దొరకలేదు. పేరు అడక్కండి. ఈ నది ఒడ్డున బతికే తెగవాళ్ళలో పోయినవాడి పేరు ఏడాది తిరిగేదాకా ఎవరి నోటా రాకూడదు. మనిషి పోయిన నీళ్ళలో ఏడాది దాకా ఎవరూ కాలు పెట్టకూడదు, పగలు కూడా ఆ ఒడ్డుకి పోరు.

వాడు రొవీనా తమ్ముడు.

అక్కాతమ్ముళ్ళు ఇద్దరిదీ తెగవాళ్ళ చేపల ఆఫీసులోనే పని. గేజీ చూసుకోవడం తమ్ముడి వంతుగా ఉండేది. గేజీ అంటే ఒడ్డున ఒక ఇనప గొట్టం, దాని నెత్తిన రేకు పెట్టె, అంతే. మడుగులో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ఆ పెట్టె వేళవేళకీ ఆఫీసుకి కబురు పంపుతుంది. ఆ ఎత్తుని బట్టే నదిలో ఎంత నీరు పారుతోందో లెక్క కడతారు. లెక్క ఎర్రగీత కిందికి దిగిందా, ఎగువన పశువుల మేత పండించేవాళ్ళంతా నది నీళ్ళు తోడే మోటార్లు కట్టెయ్యాలి. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చే రోజుల్లో వాటి ప్రాణం ఆ గీత మీదే ఉంటుంది.

ఆ వరద వెళ్ళాక చుక్క వాన లేదు. అయినా గీత దాకా దిగనే లేదు లెక్క. ఆఫీసులో రోజూ అంకె నిండుగా కనబడేది. గేజీకి దిగువన, చెట్టువేళ్ళ మలుపు దగ్గర మాత్రం చేపలు వెచ్చటి నీళ్ళలో ఒకదాని మీద ఒకటి పడి నోళ్ళు తెరుస్తున్నాయి. వీపులు బయటే ఉన్నాయి వాటికి.

"మామా, ఆ పెట్టె అబద్ధం చెబుతోంది," అంది రొవీనా.

హార్లన్ ఆ ఆఫీసుకి పెద్ద. వాళ్ళమ్మకి వరసకి అన్న. కాఫీ ఊదుకుంటూ తలెత్తాడు. "పెట్టెకి నీ మీద పగేమిటే?"

"దిగి కొలిస్తే తేలిపోతుంది."

"దిగుతావా? మీ అమ్మ వచ్చి ఆ కొలకర్రతోనే నా వీపు చీరేస్తుంది. ఏడాది గడవనీ."

"అప్పటికి చేపలుండవు మామా."

హార్లన్ కిటికీలోంచి నది వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆ నీళ్ళలో వాడున్నాడే తల్లీ... రాత్రుళ్ళు నేనూ విన్నాను."

ఇంక లాభం లేదనుకుంది రొవీనా. పగలు అటు బండి తిప్పినా ఊరంతా చూస్తుంది. రాత్రే వెళ్ళింది, ఎవరికీ చెప్పకుండా.

ఫర్ చెట్ల మధ్య పొగమంచు. బండి దూరంగా ఆపి, కొలకర్ర పట్టుకుని, లైటు వెయ్యకుండా నడిచింది. నది చప్పుడు సన్నగా ఉంది. నిండుగా పారే నది అలా మూలగదు.

టక్...

రొవీనా ఆగిపోయింది. అడవిజంతువేదైనా రాయి దొర్లించిందేమో అని సర్దిచెప్పుకుంది.

టక్...

మంచు కాస్త విడింది. మడుగు కింది అంచున, నీళ్ళ మధ్య, ఒకడు వంగి ఉన్నాడు. గుండెల దాకా రబ్బరు దుస్తులు... తమ్ముడివే, మోకాలి దగ్గర అతుకు వేసింది తనే. పొట్టిగా కత్తిరించిన జుట్టు. వంగాడు, రాయి తీశాడు, రెండు చేతులా పొత్తిళ్ళలో పాపలా మోసుకెళ్ళి పెట్టాడు.

రొవీనా ఒక అడుగు ముందుకి వేసింది. రాకూడని పేరు నోట్లోంచి వచ్చేసింది.

ఆ ఆకారం తిరగలేదు. గొంతు మాత్రం వచ్చింది, మెల్లగా.

"వాడి పేరు పిలవకే."

అమ్మ.

కొడుకు పోయిన రోజున జుట్టు కత్తిరించుకున్న ఓపల్. వాడి దుస్తులు వేసుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటూ, నడుం దాకా నీళ్ళలో.

"అమ్మా... ఏం చేస్తున్నావు?"

"కళ్ళు లేవా నీకు?"

ఉన్నాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రాళ్ళ కట్ట. దానికి ఎగువన, గేజీ దగ్గర, మడుగు కడుపు నిండి కదలకుండా ఉంది. దిగువన రాళ్ళ సందుల్లోంచి కారే నీరే నది. పెట్టెకి ఎత్తే తెలుసు, పారుదల తెలియదు. "ఈతకొచ్చిన పిల్లకాయలు రాళ్ళు అడ్డం పెడితే చాలమ్మా, నదికి పొంగొచ్చిందని పిచ్చిగేజీ నమ్మేస్తుంది," అని తమ్ముడే ఒకసారి అన్నం ముందు కూర్చుని పడీపడీ నవ్వాడు. అమ్మ అప్పుడు చేప ముళ్ళు తీస్తోంది. వింటున్నట్టే లేదు.

"చేపలు చచ్చిపోతున్నాయమ్మా."

"చావనీ. నా బిడ్డని మింగినదానికి బిడ్డలెందుకు?"

"అమ్మా..."

"పైవాళ్ళ మోటార్లు ఆగకూడదు. తాగనీ. అడుగంటా తాగనీ దీన్ని. అప్పుడు నా బిడ్డని కక్కుతుంది." గట్టెక్కి వచ్చి రొవీనా మణికట్టు పట్టుకుంది ఓపల్. ఆ చెయ్యి మంచుగడ్డ. "రా, చూపిస్తాను."

చెట్టువేళ్ళ మలుపు దగ్గరికి లాక్కెళ్ళి, చిన్న లైటు వెలిగించి ఆ చెట్టువేళ్ళ అడుక్కి పట్టింది. నల్లటి నీళ్ళ అంచున నీలం గుడ్డ. కోటు చెయ్యి. వరద రోజు వాడు వేసుకెళ్ళిన వానకోటు.

"ఇంకో నాలుగు వేళ్ళ ఎత్తు నీరు దిగితే చాలే," ఓపల్ గుసగుసగా అంది. "తెల్లారేసరికి వచ్చేస్తాడు."

రొవీనా కట్ట దగ్గరికి తిరిగి వచ్చింది. పైరాళ్ళు లాగేస్తే మడుగు దిగుతుంది, పెట్టె నిజం చెబుతుంది, మోటార్లు ఆగుతాయి. నీళ్ళొస్తాయి. చేపలకీ వస్తాయి, ఆ చెట్టువేళ్ళ మీదకీ వస్తాయి. వంగి రాయి మీద చేతులు వేసింది.

"తియ్యి," అంది వెనక నుంచి అమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "మొదటిసారి నది ముంచింది. ఈసారి అక్క ముంచుతుంది."

రొవీనా చేతులు తీసేసింది.

ఇద్దరూ ఒడ్డున కూర్చున్నారు. చీకట్లో చేపలు కొట్టుకుంటున్నాయి, తడిగుడ్డలు రాతికేసి బాదుతున్నట్టు. అర్ధరాత్రికి ఆ చప్పుడు సగమైంది. తర్వాత ఎప్పుడో ఒకటి, ఎప్పుడో ఒకటి. రొవీనా చెవులు మూసుకోబోతే ఓపల్ ఆ చేతుల్ని తన ఒళ్ళోకి లాక్కుని వెచ్చజేసింది, చిన్నప్పుడు చేసినట్టు.

తెల్లారింది. మలుపంతా తెల్లటి పొట్టలు. కడుపులో గుడ్లు కడుపులోనే. బతికినవి ఏ కొన్నో కింది మడుగులోకి జారిపోయాయి.

నీళ్ళు ఆ నాలుగు వేళ్ళ ఎత్తూ దిగాయి.

చచ్చిన చేపల మధ్యనుంచి నడిచి వెళ్ళి, రొవీనా ఆ నీలం చేతిని పట్టుకుంది. బరువుగా ఉంది. కళ్ళు మూసుకుని లాగింది. చెట్టువేళ్ళలోంచి ఒక్కసారిగా ఊడి మీదికి వచ్చింది.

కోటు. దాని చేతుల నిండా ఇసక. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి దూరిపోయిన చెట్టుకొమ్మ ఒకటి.

అంతే.

ఓపల్ కోటు అందుకుంది. ఇసక దులిపింది. ఉతికిన బట్టని మడిచినట్టు మడిచి ఒడ్డున పెట్టింది. ఏడవలేదు.

ఏడ్చింది రొవీనా. ఏడుస్తూనే కట్ట మీద పడి రాళ్ళు పెరికి విసిరేసింది. ఒకటి. ఇంకొకటి. సందు పడి నీళ్ళు బుసకొట్టాయి.

ఓపల్ దిగువకి నడిచి, కూతురు విసిరిన రాయిని వెతికి పట్టుకుంది. రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది.

"అమ్మా, ఇక్కడ లేడమ్మా వాడు."

"లేడు," అని ఒప్పుకుంది ఓపల్. సందులో రాయి పెట్టి, కదలకుండా అరచేత్తో అదిమింది. "కింది మడుగు ఇంకా ఎండలేదుగా."