పోర్ట్రెయిట్ హాల్లో మడత స్టూలు

"తలుపులు మూయించనా సార్?" ఏజెంట్ గోరింక అంటించుకున్న మీసం సవరించుకుంటూ కాలర్‌లోని మైక్‌లో గొణిగాడు.

"వద్దు. లోపల రాయబారులున్నారు, రచ్చవుతుంది." చెవిలో చీఫ్ గొంతు. "మనవాడు ఆ నల్లకళ్లద్దాలావిడ లిప్‌స్టిక్ కొట్టేశాడు. ఖాళీ! అందులో దాచిన మైక్రోఫిల్మ్ ఆ హాల్లోనే చేతులు మారింది. అది గడప దాటిందా, శత్రుదేశంలో మన ఏజెంట్లు ఒక్కరూ మిగలరు. కొరియర్‌ని పట్టుకో."

పట్టుకోమనడం తేలికే. అది టికెట్ లేని ఆర్ట్ గ్యాలరీ. ఎండకి తాళలేనివాళ్లు, టాయిలెట్ కోసం వచ్చినవాళ్లు, ఊసుపోనివాళ్లు, ఎవరు పడితే వాళ్లు వస్తారు. పేరూ ఊరూ అడిగే దిక్కు లేదు. కొరియర్ ఎవరో ఆమెకొక్కదానికే తెలుసు. మూసేవేళ బెల్ కూడా మోగింది.

అటెండెంట్ యూనిఫాంలో పొద్దుటి నుంచి నిలబడి గోరింక కాళ్లు పీకుతున్నాయి.

అప్పుడు ఆమే దగ్గరికొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలు, హాలంతా సెంటు. చనిపోయిన తన పార్ట్‌నర్ భార్య. అతన్ని శత్రువులకి అమ్మిందీ ఆవిడే. ఆ చేతివంట తిని, వదినా వదినా అంటూ తిరిగిన రోజులు గోరింకకి గుర్తొచ్చాయి.

సందర్శకుల కోసం ఉంచిన మడత స్టూలు విప్పి అతని ముందు పెట్టింది. "పాపం, పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారు. కూర్చోండి."

అంటే గుర్తుపట్టేసింది. ఆమె వేళ్లు స్టూలు కాన్వాసు మధ్యకి పోకుండా తప్పుకుంటున్నాయి. విషపు సూది! గుచ్చుకున్నట్టు కూడా తెలియదు, నిమిషంలో గుండె ఆగుతుంది.

"డ్యూటీలో కూర్చోకూడదమ్మా." చేతిరుమాలుతో స్టూలు తుడిచాడు. "ఎవరైనా పెద్దవాళ్లకి ఇద్దాం."

ఊతకర్రతో వస్తున్న ముసలాయన ముందు వేశాడు. "కూర్చోండి తాతగారూ." చూపు మాత్రం వదిన మొహం మీదే. ఆమె తాపీగా గోడ మీది పటం చూస్తోంది.

"కూర్చుంటే లేవలేను బాబూ," అని ముసలాయన సాగిపోయాడు.

తర్వాత నిండు గర్భిణి. "కూర్చో తల్లీ, రద్దీ తగ్గేదాకా." ఆమె నడుం పట్టుకుని వంగింది. వదిన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, అంతే. రెండు ప్రాణాలు! ఇంతలో మొగుడు కేకేస్తే ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

స్కెచ్‌బుక్ పట్టుకున్న గడ్డం యువకుడొకడు గుమ్మం దాటబోతున్నాడు. గోరింక స్టూలు అతని వెనక్కి తోసి భుజం నొక్కాడు. "ఒక్క నిమిషం కూర్చోండి సార్."

"తమ్ముడూ, కూర్చోకు!"

కేక పెట్టింది వదినే. రెండు చేతులతో నోరు మూసుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. యువకుడి చెయ్యి జేబులోని పెన్సిల్ మీదికి పోయింది. గోరింక దాన్ని లాక్కుని విరిచాడు. లోపల ఫిల్మ్! యువకుడు కాలర్‌లో దాచిన సైనైడ్ కొరికాడు. అక్క వైపు చూస్తూనే కుప్పకూలాడు.

"సూది..." వదిన స్టూలు వైపు చూసింది.

"ఎప్పుడో తీసేశాను వదినా." గోరింక రుమాలు విప్పి చూపించాడు. "మీరు నోరు మెదపకుండా ఉంటే వాడు కాసేపు కూర్చుని, లేచి, ఇంటికెళ్లిపోయేవాడు."

ఆమె నేల మీద చతికిలబడిపోయింది.

"ఏమైంది?" చెవిలో చీఫ్.

"ఫిల్మ్ దొరికింది సార్. డ్యూటీ దిగినట్టేనా?"

"దిగినట్టే."

గోరింక స్టూలు దగ్గరికి లాక్కుని, కూర్చుని, బూట్లు విప్పుకున్నాడు.