బామ్మర్ది పట్టిన తాడు

మా అత్తగారి ఊరికి బస్సు లేదు. అమ్రాబాద్ దాటాక ఆటోవాడు "ఇగ నడువుర్రి" అన్న చోట దిగి, నల్లమలలో సున్నపురాయి గుట్టలెక్కాలి. షాద్‌నగర్‌లో కంపెనీ బస్సు వీధి చివర ఆగితేనే అలిగే మనిషిని నేను. నా భార్య ఉప్పలమ్మ కడుపుతో ఉండి కూడా పుట్టింటి హుషారులో నాకంటే ముందు నడిచింది.

వచ్చిన పని తేనె. బిడ్డ పుట్టగానే నాలుకకు తండ్రి తీసిన తేనె రాయాలని వాళ్ళ ఆనవాయితీ. తండ్రి తాడు కట్టుకుని కొండ చరియలోకి దిగుతాడు. పైన తాడు పట్టేది అతని బామ్మర్దే.

"మా అన్న పట్టగూడదా?" అని మా అత్త మారెమ్మను ఆటపట్టించాను.

"అన్నదమ్ముల నడుమ పగలుంటయి బిడ్డా. అక్క బొట్టు చెరిపే తమ్ముడైతే ఉండడు" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "కింద ఎవరన్న పిలిస్తే పలుకకు. నువ్వెవరివని అడిగినా చెప్పకు" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా ఉప్పలమ్మతో కలిసి చరియ అంచుకు చేరాం. నా బామ్మర్ది లింగస్వామి తాడును చెట్టుకు ఒక చుట్టు వేసి, కాళ్ళు బండకు తన్నిపెట్టి కూర్చున్నాడు. వాడిది మాటలు తక్కువ, చేతులు గట్టి.

"రెండుసార్లు గుంజు బావా, లాగుత. నువ్వు పైకొచ్చేదాంక ఇడువ."

ఈగలను లేపడానికి వేసిన పచ్చాకు పొగ ముందు దిగింది, వెనక నేను. నడుముకు డబ్బా, చేతిలో కత్తి. పొగకు కళ్ళు మండాయి. తేనె వాసనలో గబ్బిలాల రెట్ట కంపు కలిసింది. తేనెపట్టు వెనక మనిషి దూరేంత గుహ ఉంది. లోపలి నుంచి చల్లగాలి వస్తోంది. పట్టు కోసి డబ్బాలో వేసుకున్నాను. నా బిడ్డ కోసం తీశానని లోపల పొంగిపోయాను కూడా.

అప్పుడు గుహలోంచి ఉప్పలమ్మ గొంతు వినిపించింది.

"ఎవరు... నువ్వేనా?"

ఆమె పైన ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇంట్లో తలుపు తట్టిన ప్రతిసారీ ఆమె అడిగే మాటే అది, అదే తీరు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆఁ... నేనే."

చీకట్లోంచి నెమ్మదిగా, నా గొంతుతోనే, జవాబొచ్చింది.

"నేనే..."

గాలి ఆగింది. తేనెటీగల రొద ఆగింది. నా మెడ మీద ఎవరిదో ఊపిరి... తేనె వాసన... నా పైప్రాణాలు పైకే పోయాయి. తాడు గుంజాను. రెండుసార్లో, పదిసార్లో.

తర్వాత గుర్తున్నది పైన బండ. దాని మీద బోర్లా పడి ఉన్నాను. నడుము ముడి విప్పుకుని తాడు కొస పక్కన పడేశాను. అది జరజరా అంచు దాటి కిందికి జారిపోయింది. లేచి చూస్తే ఉప్పలమ్మ ఎదురుగా నిలబడి ఉంది. బతికానని ఏడుపొచ్చింది.

"తేనె ఏది?" అంది.

నడుముకు డబ్బా లేదు. చేతులు చూసుకున్నాను. అంత పట్టు కోసినా ఒక్క ఈగ కుట్టిన గుర్తు లేదు. పొగ మసి కూడా లేదు.

లింగస్వామి ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు. అరచేతుల్లోంచి నెత్తురు కారుతోంది.

"వచ్చిన కదరా, ఇడువు" అన్నాను.

"బరువు తగ్గలే బావా" అన్నాడు వాడు, నా మొహంలోకి చూడకుండా.

తాడు కదిలింది. ఒకసారి... మళ్ళీ ఒకసారి.

కింది నుంచి పొగకు బొంగురుపోయిన గొంతు వినిపించింది. "లింగస్వామీ... నేనురా, బావను... లాగు..."

నా గొంతు మాత్రం బొంగురుపోలేదు.

లింగస్వామి అక్క వైపు చూశాడు. ఉప్పలమ్మ నన్ను చాలాసేపు చూసింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. పిలుద్దామనుకున్నాను. "నేనే" అనబోయి, ఆ మాటకు భయపడి ఆగిపోయాను.

ఆమె వెళ్ళి తమ్ముడి వెనక కూర్చుని తాడు పట్టుకుంది. ఇద్దరూ లాగడం మొదలుపెట్టారు. అంచు మీదికి వస్తున్న తాడంతా తేనెతో తడిసి ఉంది.