తలల లెక్క

సూట్-యింగ్ బియ్యం జావ గిన్నెలు తెచ్చేసరికి తండ్రి లౌ కామ్-వింగ్ కోటు తొడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. తల్లి అంత్యక్రియల తర్వాత ఆ కోటు బీరువాలోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి.

"పొద్దున్నే ఈ ముస్తాబేంటి నాన్నా? పెళ్ళిచూపులా?"

"సోయా కంపెనీ మీటింగు. నాతో పనిచేసిన పూన్ కింద కలుస్తానన్నాడు."

ఆమె గిన్నెలు బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

యూన్ లాంగ్‌లోని ఆ సోయా సాస్ కంపెనీలోనే కామ్-వింగ్ మేస్త్రీగా రిటైరయ్యాడు. ఒకప్పుడు బోనస్‌కు బదులు పనివాళ్ళకు వాటాలిచ్చారు. ఇప్పుడు పెద్ద వాటాదారు అందరి వాటాలూ కొని, సాస్ పులియబెట్టే జాడీల ఆవరణలో ఫ్లాట్లు కడతానంటున్నాడు. అందుకు వాటాల బలం ఒక్కటే చాలదు. ఓటేసేవాళ్ళలో సగం మందికి పైగా ఒప్పుకోవాలి. పాతవాళ్ళంతా కాదనడానికి బయల్దేరారు.

"ఎంత డబ్బున్నా వాడికీ ఒకటే తల, నాకూ ఒకటే," అన్నాడు కామ్-వింగ్. "నోటీసే రాలేదు. పోస్టువాడు ఎక్కడో పారేసుంటాడు."

"పోస్టువాడు కాదు నాన్నా. చెదలు పడతాయని నీ వాటా పత్రాలు మా ఆఫీసులో వేశాను కదా. నువ్వే సంతకం పెట్టావు."

సూట్-యింగ్ షంగ్ వాన్‌లో ఒక బ్రోకరు దగ్గర గుమస్తా.

"అయితే? వాటాలు నావే కదా?"

"నీవే. కానీ కంపెనీ రిజిస్టరులో ఇప్పుడు నీ పేరు లేదు. మేం వాటిని డిపాజిటరీ అనే సంస్థలో దాస్తాం. అక్కడ దాచుకున్న వాళ్ళందరి బదులూ దాని పేరే ఉంటుంది."

"అందరూ అంటే ఎంతమంది?"

"వేలమంది."

"తలలెన్ని?"

"ఒకటి."

ఆయన చెంచా కింద పెట్టాడు. "మరి నోటీసు?"

"నా బల్లమీదికే వచ్చింది. ఇంట్లో కాగితాలు పేరుకుంటున్నాయని నీకు ఉత్తరాలు పంపొద్దని ఆఫీసులో నేనే రాసిపెట్టాను. గడువు రోజున అందరితోపాటు నీకూ ఓటు గురించి 'సూచనలు లేవు' అని కొట్టి పంపేశాను."

"నా పేరు కనపడలేదా?"

"పేర్లు చూడను నాన్నా. బోలెడు వస్తాయి."

"వెళ్ళి తలుపు దగ్గర బతిమాలితే?"

"రానివ్వరు. ముందే అడిగుంటే పత్రాలు వెనక్కి తెప్పించి రిజిస్టరులో నీ పేరు రాయించేదాన్ని. ఇప్పుడు కొత్త పేర్లు రాయకుండా దాన్ని మూసేశారు."

"మీ అమ్మే ఉంటే ఆ పత్రాలు గడప దాటనిచ్చేది కాదు."

కింది గేటు దగ్గర బెల్లు కొట్టి పూన్ గోడ ఫోనులో అరిచాడు. "ఏరా ముసలోడా, ఇంకా దువ్వుకుంటున్నావా? ఒక్క తలైనా మనకి ఎక్కువే."

"నాకు తల లేదట. నువ్వెళ్ళు," అన్నాడు కామ్-వింగ్.

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. సూట్-యింగ్ ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. మధ్యాహ్నం పూన్ ఫోన్ చేశాడు. తలల్లోనూ ఓడిపోయారు. కొత్త సంవత్సరం దాటగానే జాడీలు తీసేస్తారట.

ఆమె పొద్దుటి జావ వేడిచేసి తెచ్చింది. తండ్రి గిన్నె ముట్టుకోలేదు.

"మీ ఆఫీసులోనైనా నా పేరుందా?"

"ఉంది. కంప్యూటర్లో."

"ఎవరు చూస్తారు?"

"నేనే," అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

కామ్-వింగ్ తన గిన్నె ఆమె వైపు జరిపాడు.

"తిను. పొద్దుట్నుంచీ నువ్వూ ఏమీ తినలేదు."