లోవీసా పుట్టింటి రక్తం

“వెన్న పెట్టకుండా చంపింది! బంగారంలాంటి నా కొడుకుని ఎండగట్టి చంపింది!”

ఆర్విని చర్చి పక్క మట్టిలో పెట్టి వచ్చి గంటయినా కాలేదు. చుట్టాలూ ఇరుగుపొరుగూ కాఫీ కప్పుల ముందు తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. నల్లబట్టల్లో ఉన్న ముసలి లోవీసా లేచి నిలబడి, కోడలు హెల్విని వేలెత్తి చూపిస్తూ ఆ మాట అనేసింది! కాఫీ పోస్తున్న హెల్వి కూజాని కప్పు మీంచి పక్కకి తీసింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి... పొద్దున్నే పాలడబ్బాలు మోసుకుని రోడ్డు దాకా వెళ్ళి మంచులో బోర్లా పడిపోయిన మనిషి... తను పరిగెత్తుకెళ్ళి వెల్లకిలా తిప్పేసరికే చూపు నిలిచిపోయిన మనిషి... ఆ మనిషిని తను చంపిందా?

కిందటి వసంతంలో పట్నం నుంచి ఆరోగ్యశాఖ వాళ్ళొచ్చి బడిలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. ఈ కరేలియా ప్రాంతం మగవాళ్ళు నడివయసు దాటకుండానే గుండె ఆగి పోతున్నారనీ, వెన్నా ఉప్పుపంది మాంసం తగ్గించమనీ, సిగరెట్లు మాన్పించమనీ చెప్పారు. హెల్వి ఆ మాట మనసుకి పట్టించుకుంది. రొట్టె మీద వెన్న పలచగా రాసింది. మీగడ తీసిన పాలు పోసింది. “ఏమే, నన్ను కుందేలుని చేద్దామనా?” అని ఆర్వి నవ్వేవాడు, నవ్వుతూనే తినేవాడు. సిగరెట్టు మాత్రం మానలేదు. అంతే! తన భర్త బతకాలని చేసిన పని ఇవాళ తన మెడకే చుట్టుకుంది!

“అత్తయ్యా, నేను ఆయన బాగుండాలనే...”

“నోర్ముయ్! పెద్దదీ ఇలాగే అంది. దాని వంట తినీ తినీ నా రేనో నలభై ఏళ్ళకే పోయాడు. రెండోదానివి నువ్వు దొరికావు. నా ఇంటికొచ్చినవాళ్ళందరూ నా కొడుకుల్ని మింగేవాళ్ళే!”

పెద్దదంటే కెర్టు, రేనో భార్య. పదమూడేళ్ళ కిందట ఇదే గదిలో ఇదే మాట పడి, పదిహేడేళ్ళ కొడుకు కలేవిని వెంటబెట్టుకుని ఎక్కడో దక్షిణాన టుర్కు పట్నానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. ఊరంతా “మొగుణ్ణి మింగిన కెర్టు” అని చెప్పుకుంటుంటే ఆనాటికి కాపురానికొచ్చి మూడేళ్ళయిన హెల్వి కూడా ‘ఏమో, నిజమేనేమో’ అనుకుంది. ఇప్పుడు ఆ మాట తన పేరు ముందు చేరబోతోంది! బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. పదిహేనేళ్ళ కూతురు సినిక్క ఒక్కతే వచ్చి తల్లి చేతిలోంచి కూజా అందుకుంది.

ఆ వారమే ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ హెల్విని పిలిపించింది. తండ్రి ముప్పై ఎనిమిదికీ పెదనాన్న నలభైకీ గుండెతో పోతే పిల్ల రక్తం చూడాల్సిందే అంది. విషయం తెలిసి లోవీసా తలుపుకి అడ్డంగా నిలబడింది. “మా వంశంలో రోగాల్లేవు! నా మనవరాల్ని పదిమందిలో రోగిష్టిదాన్ని చేస్తావా? ఎవడు చేసుకుంటాడే దాన్ని?” అని అరిచింది. హెల్వి జీవితంలో మొదటిసారి అత్తగారి భుజం పట్టుకుని పక్కకి జరిపి, కూతుర్ని తీసుకుని బయటికి నడిచింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ చాలాసేపు సినిక్క మడమ వెనక నరాన్ని వేళ్ళతో తడిమి చూసింది. అది మామూలుకంటే లావుగా ఉంది.

“రక్తంలో కొవ్వు చాలా ఎక్కువగా ఉందమ్మా. తిండివల్ల వచ్చింది కాదిది. పుట్టుకతో వచ్చింది, తండ్రి నుంచి. ఇలాంటి కుటుంబాల్లో మగవాళ్ళకి నలభై లోపే గుండె దెబ్బతింటుంది. మీరు వెన్న తగ్గించి మంచిపనే చేశారు. కానీ ఆయనకి అది సరిపోయే జబ్బు కాదు.”

మంచిపనే చేశారు! ఆ ఒక్క మాట కోసం ఎన్ని రోజులు ఏడ్చింది హెల్వి! కానీ ఎదురుగా కూతురు పాలిపోయి కూర్చుని ఉంటే, ఆ మాటతో ఏం చేసుకుంటుంది!

“మీ మామగారు ఏ వయసులో పోయారు?” అని డాక్టరమ్మ అడిగింది.

“డెబ్బై తొమ్మిదికండీ. ముసలితనంతో.”

“మరి మీ అత్తగారు?”

“ఆవిడకేం? డెబ్బై మూడు. రాయిలా ఉంది.”

“ఆడవాళ్ళలో ఇది కొందర్ని ఆలస్యంగా ముట్టుకుంటుంది. ఆవిడ వేళ్ళ కణుపుల మీద కొవ్వు పేరుకున్న గట్టి బుడిపెలు గానీ ఉన్నాయా?”

హెల్వి తన చేతులకేసి చూసుకుంది. ఉన్నాయి! పెళ్ళయిన నాటి నుంచీ చూస్తూనే ఉంది. ‘ఆవుల పాలు పితికీ పితికీ కాయలు కాశాయి’ అనేది అత్తగారు. హెల్వీ పదహారేళ్ళుగా ఆ ఆవుల్నే పితుకుతోంది... తన చేతులకి ఒక్క కాయ లేదు!

ఇంటికొచ్చేసరికి లోవీసా వంటింట్లో రొట్టెలకి రై ధాన్యపు పిండి పిసుకుతోంది. హెల్వి ఆ పిండిచేతిని అలాగే పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

“అత్తయ్యా, మీ అన్నదమ్ములు ఎలా పోయారు?”

“ఇప్పుడా గొడవెందుకు? ఆప్రో అన్నయ్య చెరువులో మునిగిపోయాడు. ఈవారి యుద్ధంలో పోయాడు.”

“మునిగిపోయాడా, మీ కొడుకుల్లాగే ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడా?”

లోవీసా చెయ్యి లాక్కోలేదు.  ముసలామె తలెత్తి మాట్లాడింది. ఆ గొంతులో పశ్చాత్తాపం లేదు, రోషం ఉంది!

“వల చేత్తో పట్టుకునే పోయాడు. సరేనా? ఈవారిని తుపాకీ ముట్టుకోలేదు, గుడారంలో టీ తాగుతూ పోయాడు. మా నాన్న పెళ్ళిలో నాట్యం చేస్తూ పోయాడు. మా అమ్మ నా పెళ్ళినాడు నా జడ వేస్తూ చెప్పింది, ‘నోరు విప్పావా, పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఉండవు’ అని. నేను చెబితే నన్నెవడు చేసుకునేవాడు? నా కొడుకులకి పిల్లనెవరిచ్చేవాళ్ళు? నిజం చెప్పు, నువ్వొచ్చేదానివా ఈ ఇంటికి?”

హెల్వి ఆ పిండిచేతిని వదిలేసింది.

“చూశావా!” అంది లోవీసా. “మగాడు నలభైకే పోతే జనం కారణం వెతుకుతారు. నా వైపు చూడకుండా ఉండాలంటే ఇంకెవర్నో చూపించాలి. చూపించాను. మీరు పరాయి పిల్లలు. ఏం, చచ్చిపోయారా ఆ మాటకి?”

మర్నాడే హెల్వి కూతుర్ని పొరుగింట్లో వదిలి రైలెక్కింది. కలేవికీ ఈ రక్తమే! ఇప్పుడు ముప్పైకి దగ్గరవుతుంటాడు. వాడికి చెప్పాలి, సిగరెట్టు మానమనాలి, డాక్టరుకి చూపించమనాలి... దారి పొడవునా అదే మాట. టుర్కులో చాకిరేవు వెనక ఒంటిగదిలో కెర్టు తలుపు తీసింది. జుట్టంతా నెరిసిపోయి గుర్తుపట్టడమే కష్టమైంది. గోడకి కలేవి ఫొటో. దానికి నల్ల రిబ్బను!

“కిందటి శీతాకాలం,” అంది కెర్టు మామూలుగా. “ఓడల కార్ఖానాలో నిచ్చెన దిగుతూ. ఇరవై తొమ్మిదేళ్ళు. ఎందుకొచ్చావు హెల్వీ? నీ మొగుడూ పోయాడా?”

హెల్వి ఏడుస్తూనే అంతా చెప్పింది. కెర్టు కదలకుండా వింది. చివరికి చిన్నపిల్లలా అడిగింది.

“అయితే... నేను కాదా?”

“నువ్వు కాదక్కా!”

“రేనో నా వంట తినే పోయాడని ఆవిడ అంది కదా... నేను నమ్మాను హెల్వీ! నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను. కలేవికి మళ్ళీ నా చేత్తో వండిపెట్టలేదు. పన్నెండేళ్ళు! కార్ఖానా క్యాంటీన్లో తినమనేదాన్ని. ‘ఒక్కసారి నీ చేతి అన్నం కూరిన రొట్టె పెట్టమ్మా’ అని అడిగేవాడు. తిట్టి పంపేదాన్ని... వాణ్ణి బతికించుకుంటున్నాననుకున్నాను!”

ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు హెల్వి చచ్చేదాకా మర్చిపోలేదు. ఏడ్చి ఏడ్చి, ముఖం కడుక్కుని, కెర్టు గోడకున్న కోటు తీసుకుంది. “పద. ఆవిడ నోటితో వినాలి నేను. ఆనాడు ఎవరి ముందు అందో, వాళ్ళందరి ముందూ.”

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో కాఫీలు పోస్తున్నారు. గుమ్మంలో కెర్టుని చూడగానే లోవీసా కుర్చీలోంచి లేచింది. అందరూ భయపడ్డారు గానీ ముసలామె ముఖం వెలిగిపోయింది!

“కలేవి ఏడే? వాణ్ణి వెంట తేలేదా? ఆర్వి పోయాక పొలం చూసే మగదిక్కు లేదే, వాడి కోసమే చూస్తున్నా...”

“తేవడానికి వాడు లేడు అత్తయ్యా. మట్టిలో పెట్టి ఏడాదయింది. గుండె ఆగి.”

లోవీసా పెదవులు కదిలాయి. అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు. కానీ అన్నేళ్ళ అలవాటు! చెయ్యి దానంతటదే లేచింది, వేలు కెర్టు వైపు చాచింది.

“నువ్వే! వాణ్ణి కూడా నువ్వే మింగేశావు!”

హాలంతా కలకలం రేగింది. హెల్వి ముందుకు దూకబోయింది గానీ, అంతకు ముందే సినిక్క వెళ్ళి ఆ చాచిన చేతిని పట్టుకుంది. బుడిపెలున్న ఆ వేళ్ళని అందరికీ కనబడేలా పైకెత్తింది.

“నాకూ ఉంది నాయనమ్మా. నీ దగ్గర్నుంచి నాన్నకి, నాన్న దగ్గర్నుంచి నాకు. రేపు నేను పోతే ఎవర్ని చూపిస్తావు? అమ్మనా?”

“అలా అనకే తల్లీ...”

“చెప్పు! ఎవర్ని చూపిస్తావు?”

లోవీసా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత కెర్టుని చూసింది. కుర్చీలో కూలబడి, నేలకేసి చూస్తూ అంది: “నాది. నా పుట్టింటిది. కోడళ్ళు ఏం చెయ్యలేదు. నాకు తెలుసు... మొదటినుంచీ తెలుసు.”

“గట్టిగా,” అంది కెర్టు. “వెనకవాళ్ళకి వినపడలేదు.”

ముసలామె గట్టిగా చెప్పింది. చెప్పి, రెండు చేతులూ కెర్టు వైపు చాచింది. కెర్టు ఆ చేతుల్ని ముట్టుకోలేదు. “చెబితే నా కొడుకు బతికేవాడో లేదో నాకు తెలీదు. డాక్టరమ్మకీ తెలీదుట. కానీ నా చేతి వంట తిని పోయేవాడు,” అని, హెల్విని ఒక్కసారి గుండెలకి హత్తుకుని, బస్సుకి వెళ్ళిపోయింది. తర్వాత ఎన్ని కబుర్లు పంపినా ఆ ఊరు రాలేదు.

హెల్వి అత్తగారిని వెళ్ళగొట్టలేదు. క్షమించనూ లేదు. వేళకి గంజి పెట్టింది, శనివారం శనివారం వీపు రుద్ది స్నానం చేయించింది, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. లోవీసాకి అదే పెద్ద శిక్ష అయింది. సినిక్క మందుపొడి నీళ్ళలో కలుపుకుని ముఖం చిట్లిస్తూ తాగేది. డాక్టరమ్మ ఆ పిల్లకి ఒక పని చెప్పింది, నాయనమ్మ వైపు ఎవరెవరు ఎలా పోయారో, బతికున్న పిల్లలు ఎక్కడున్నారో అంతా కనుక్కోమని. వాళ్ళ రక్తమూ చూడాలిట.

ఒక మధ్యాహ్నం సినిక్క పీట లాక్కుని నాయనమ్మ ఎదురుగా కూర్చుంది. ఆప్రో పేరు చెప్పేసరికే ముసలామెకి దుఃఖం ముంచుకొచ్చింది. కొంగులాంటి శాలువాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడవసాగింది. పొయ్యి దగ్గరున్న హెల్వి తిరిగి చూసింది గానీ దగ్గరికి రాలేదు. సినిక్క ఆ శాలువాని మెల్లగా కిందికి లాగింది.

“ఏడవకు నాయనమ్మా. ఆప్రో తాతకి పిల్లలెందరు, ముందది చెప్పు. తర్వాత ఏడుద్దువుగాని.”